తిరిగొచ్చిన ఈగ

పీణ్య రెండో స్టేజిలో రేకుల షెడ్డు.
ట్యూబులైట్ల కింద పద్దెనిమిది మందిమి,
ఒక్కొక్కరి ముందర ఒక బుల్లి పట్టుకొయ్య,
దాని నోట్లో గాలం.

గాలానికి ఈగను కట్టడం నా పని.
కోడిపుంజు మెడ ఈక, కుందేలు బొచ్చు, చిటికెడు జరీ పోగు.
ఏడు చుట్లు, రెండు ముళ్ళు, ఒక చుక్క జిగురు.
రోజుకు తొంభై.
సాయంత్రానికి కళ్ళముందు
నిజం ఈగలే ముసురుతుంటాయి.

ఇవి బెల్లం మీద వాలేవి కావు, పుండు మీద వాలేవీ కావు.
యాడనో మంచుకొండల నడుమ ఏటి మీద వాలతాయి.
ఆ ఏరు మా గోడ మీది క్యాలెండర్లో ఉంది:
దుంగలతో కట్టిన విడిది,
నడుంలోతు నీళ్ళలో దొర,
ఆయన టోపీకి గుచ్చిన నాలుగు ఈగలు,
అవతలి ఒడ్డున చేపను కరుచుకొని ఎలుగుబంటి.

ఎలుగును చూసేదానికీ,
చేపను పట్టి మళ్ళీ నీళ్ళలో విడిచేదానికీ
వారానికి వాళ్ళు కట్టేది నా నాలుగేండ్ల జీతమంట.
లెక్కలు రాసే గంగహనుమయ్య చెప్పినాడు.
చేప నోరు చిరగకూడదని
గాలానికి కొక్కెపు ముల్లు కూడా ఉండదు.

"పట్టేది మళ్ళీ వదిలేదానికా!"
లూర్దు మేరి నవ్వి నవ్వి కత్తెర జారవిడిచింది.
"నన్నూ ఒకాయన అట్లనే వదిలినాడులే," అంది షబానా,
దారం పళ్ళతో తెంపుతూ.

నా కన్ను మాత్రం ఎలుగు మీదే.
మాది మడకశిర పక్క, గుట్టల కింద పల్లె.
సీతాఫలాలు మాగే కాలానికి
ఎలుగ్గొడ్డు చేనికి దిగేది.
దాన్ని చూసేదానికి ఎవరూ దుడ్డు కట్టలేదు.
అది కంటబడకుంటే చాలని
నాయన రాత్రంతా మంచె మీద డబ్బా కొట్టేవాడు.
ఒక రాత్రి కొట్టడం ఆగింది.

తెల్లారి బతికే వచ్చినాడు, కుడిచెవి లేకుండా.
"దాని తప్పేం లేదు. వీపు మీద పిల్లలుండె," అన్నాడు.
అని, ఎడమచెవి నాకేసి తిప్పినాడు,
నేనేమంటానో వినేదానికి.

మొన్న ఒక పార్సిలు వెనక్కొచ్చింది.
దారం వదులవుతోందని చీటీ.
సూపర్వైజరమ్మ బల్ల మీద గుమ్మరించి
"ఎవరి చేతిపని?" అంది.
ఏడు చుట్లంటే ఎనిమిది చుట్టే పిచ్చి నాదొక్కదానిదే.
నోరు మెదపలేదు.

ఒకటి చేతిలోకి తీసుకున్నా.
ఈక సగం ఊడింది, జరీ నలిగింది.
మెడ దగ్గర రెండు పంటిగాట్లు.
ఆవగింజ పొట్టంత పొలుసు ఒకటి అంటుకొని ఉంది.
వాసన చూసినా.
రెండ్రోజులకొకసారి మా కొళాయికొచ్చే
కావేరి వాసన కాదది.
నేను కట్టిన అబద్ధాన్ని
ఒక చేప నిజంగా నమ్మింది.

పద్దెనిమిది మందికీ తలా మున్నూరు కోసినారు.
లూర్దు మేరి వారం మాట్లాడలేదు, ఎవరితోనూ.
నేను ఆ ఈగను కొంగున ముడేసుకొని బస్సెక్కినా.
గొరగుంటెపాళ్య సిగ్నలు కాడ నడుముకు గుచ్చుకుంది.
ముల్లు లేని గాలం, ఇట్టే ఊడొచ్చింది.

దాసరహళ్ళిలో నాయన నైటు డ్యూటీకి తయారవుతున్నాడు.
మా వెనక వీధి అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్ ఇప్పుడు.
మెడలో విజిలు, చేతిలో లాఠీ.
చెవి లేని పక్కకు టోపీ కొంచెం దించి పెడతాడు.
ఈగను చూపించినా.
తిప్పి తిప్పి చూసి, "దీన్ని ఏది తింటుంది?" అన్నాడు.
చెప్పినా. ఏటి సంగతీ, అవతలి ఒడ్డు సంగతీ.
"దుడ్డిచ్చా?" అన్నాడు.
చాలాసేపు ఇంకేమీ అనలేదు.
పోతూ పోతూ దాన్ని టోపీకి గుచ్చుకున్నాడు,
కుడిపక్క.

రాత్రి రెండింటప్పుడు మెలకువొచ్చింది.
వెనక వీధిలో విజిలు ఆగింది.
లేచి కూర్చున్నా.

కొంతసేపటికి
మళ్ళీ ఊదినాడు.